తీగ లేని మాస్కులు

ఒంగోల్లో మా నాన్న కొట్టులో కాజాలు కుట్టడంతో మొదలుపెట్టాను. కెనడాలోని హామిల్టన్‌లో నా సొంత షాపుకి తాళం వేసి, తాళంచెవి బిల్డింగు వాళ్లకి ఇచ్చేయడంతో ముగించాను. మధ్యలో నలభై ఏళ్లకి పైగా సూదీ దారమే. ఇప్పుడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, బేస్‌మెంట్లో మిషను పెట్టుకుని కొత్తగా జాకెట్లు కుడుతున్న అమ్మాయిలు ఫోన్ చేస్తున్నారు. ఏ మిషను కొనాలి, ప్రిన్సెస్ కట్ ఎలా తీయాలి, ఇన్‌స్టాలో ఫోటోలు ఎలా పెట్టాలి అని అడుగుతున్నారు. మిషను సంగతి షాపువాడు చెబుతాడు. కటింగు వీడియోల్లో ఉంది. ఫోటోల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంకొకటి ఉంది. అది ఎవరూ అడగరు, నేనూ ఇన్నాళ్లు చెప్పలేదు.

నేను కుట్టినవాటన్నిటిలోకీ చిన్నది, తేలికైనది ఒకటి చెడగొట్టాను. దానివల్ల ఒక పిల్ల ప్రాణంగా కోరుకున్న పని చేజారిందని నా అనుమానం. కాదని మా ఆయన అంటారు. చదివి మీరే చెప్పండి.

ఆది జాకెట్టు

మనవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకొచ్చి, కొత్త గుడ్డ మీద దాన్ని పడేసి, "దీని ప్రకారం కుట్టండి" అని వెళ్లిపోతారు. మా నాన్న కాలంలో మగ టైలరు ఆడవాళ్లకి టేపు పట్టడం ఇద్దరికీ ఇబ్బంది. ఆది ఉంటే ఎవరికీ బాధ లేదు. నాన్న ఆదిని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, సుద్దతో చుట్టూ గీసుకునేవాడు. ఆది అబద్ధం చెప్పదనేవాడు.

అబద్ధం చెప్పదు, నిజమే. కానీ కుట్టించిన రోజున ఉన్న మనిషి సంగతే అది చెబుతుంది. పురుడు పోసుకున్నవాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు, ఊరికే ఒళ్లు చేసినవాళ్లు అదే ఆది పట్టుకొచ్చేవాళ్లు. కొత్త జాకెట్టు బిగుతుగా ఉందనో భుజం జారుతోందనో తిరిగొస్తే నాన్న దగ్గర ఒక సమాధానం ఉండేది. "ఒక్క ఉతుకు పడనివ్వమ్మా, సర్దుకుంటుంది."

ఈ మాట నాకూ వచ్చేసింది. ఏ టైలరుకైనా వస్తుంది, మీకూ వస్తుంది. సగంసార్లు నిజమే. నూలు గుడ్డ నీళ్లు తగిలితే మెత్తబడి ఒంటికి కుదురుతుంది. మిగతా సగంసార్లు వేసుకున్న మనిషే సర్దుకుంటుంది. మళ్లీ రాదు. రాలేదు కాబట్టి బాగుందనుకుని మనం ఇంకో గుడ్డ కత్తిరిస్తాం.

కార్లా కుర్చీ

ఈ దేశం వచ్చాక ముందు ఒక సూట్ల ఫ్యాక్టరీలో ఐదేళ్లు కాలర్లు కుట్టాను. కాలర్లు మాత్రమే. పూర్తి కోటు వేసుకున్న మనిషిని ఆ ఐదేళ్లలో చూడలేదు కాబట్టి ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి ఏమీ లేదు. అది మూతపడ్డాక కార్లా అనే ఇటలీ ఆవిడ ఆల్టరేషన్ షాపులో చేరాను. ఆవిడ పొట్టిగా ఉండేది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. అవి తీస్తే తిట్లుండేవి.

స్టీలు ఫ్యాక్టరీలో క్రేను నడిపే ఒకాయన పని జాకెట్టు చేతులు తగ్గించమని తెచ్చాడు. ఇంత ఉంటే చాలని ఇంకో పాత జాకెట్టు కూడా వెంట తెచ్చాడు. ఆ దేశం కాని దేశంలో నాకు ఆది దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. సుద్ద తీసి గీసేశాను. తీసుకెళ్లిన మర్నాడే ఆయన తిరిగొచ్చాడు. క్రేనులో కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపితే జాకెట్టు చేతులు మోచేతుల దాకా పోతున్నాయట. చంక కింద కుట్టు కూడా పిగిలింది. ఆ పాత జాకెట్టు ఆయన ఆదివారాలు చర్చికి వేసుకునేదని అప్పుడు తెలిసింది.

కార్లా నన్ను తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. కుర్చీ ఒకటి తెచ్చి అద్దం ముందు వేసి, ఆయన్ని కూర్చోబెట్టి, క్రేను నడుపుతున్నట్టే చేతులు కదపమంది. అలా కదుపుతుండగా గుండుసూదులు పెట్టింది. ఆ రోజు నుంచి ఆ కుర్చీ అక్కడే ఉండిపోయింది. బస్సు డ్రైవరైతే కూర్చుని చూపించాలి, నర్సైతే వంగి చూపించాలి, పెళ్లికూతురైతే ఎవరినో కావలించుకున్నట్టు చేతులెత్తాలి.

ఇంకోటి కూడా ఆవిడే నేర్పింది. ఎలా ఉందని ఒక్కసారి అడిగి వదలొద్దనేది. మొదటిసారి అడిగితే మర్యాదకి బాగుందంటారట. రెండోసారి అడిగితే తొందరగా బయటపడాలని బాగుందంటారట. మూడోసారి కూడా అడిగితే అప్పుడు ఎక్కడ పట్టిందో చెబుతారట. మూడుసార్లు అడగాలంటే నాకు నామోషీగా ఉండేది, మన పని మీద మనకే నమ్మకం లేనట్టు. అయినా ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్లూ అడిగాను, ఎందుకంటే అడక్కపోతే తిట్లు.

సొంత షాపు పెట్టాక మెల్లగా మానేశాను. మన తెలుగువాళ్లు పెరిగారు. మిస్సిసాగా నుంచి, గ్వెల్ఫ్ నుంచి కూడా డ్రైవ్ చేసుకుని ఆది జాకెట్లు సంచులతో తెచ్చేవాళ్లు. వరలక్ష్మి గారి చేతి జాకెట్టంటూ నాకొక పేరు. పేరు రావడం టైలరుకి మంచిది కాదని ఇప్పుడంటాను. అడగడం పోయి చెప్పడం అలవాటవుతుంది. కార్లా రిటైరవుతూ నాకిచ్చిన కుర్చీ నా షాపులో ఒక మూల గుడ్డల మూటలు మోస్తూ ఉండేది.

మౌనిక కోటు

ఆ రోజుల్లోనే స్టూడెంట్లు రావడం ఎక్కువైంది. ప్రతి సెమిస్టరుకీ ఊళ్లో కొండ మీదుండే పేటల ఇళ్ల బేస్‌మెంట్లు కొత్త ముఖాలతో నిండేవి. వాళ్లకి జాకెట్లు అక్కర్లేదు. చలికోటు జిప్పు పోయిందనీ, జీన్స్ పొడుగైందనీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం యూనిఫాం వదులైందనీ వచ్చేవాళ్లు.

మౌనిక అలాగే వచ్చింది. హుజూరాబాద్ పిల్ల. కాలేజీలో వంట కోర్సులో చేరింది. కాలేజీ ఇచ్చిన తెల్ల షెఫ్ కోటు చేతిలో పట్టుకుని నిలబడింది. అన్నిటికన్నా చిన్న సైజు అడిగి తెచ్చుకుందట, అయినా అందులో ఇద్దరు మౌనికలు పడతారు. సన్నటి పిల్ల, చిన్న ముఖం, ఆ ముఖానికి మించిన కళ్లద్దాలు. ఇలాంటి కోటు వాళ్ల ఇంటావంటా ఎవరూ వేసుకోలేదు కాబట్టి ఆది తెచ్చే ప్రశ్నే లేదు. అందుకని చాలాకాలం తర్వాత కార్లా చెప్పినట్టు చేశాను. గరిటె తిప్పమన్నాను, పెద్ద గిన్నె దించినట్టు వంగమన్నాను, పై అరలోంచి డబ్బా తీసినట్టు చేయి ఎత్తమన్నాను. అడిగిందే అడిగాను. ఆ కోటు నా చేతి పనుల్లో మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. ఎక్కువైన గుడ్డ కత్తిరించి పారేయకుండా లోపలే మడిచి వదిలాను, రేపు పిల్ల ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని.

నేను గుండుసూదులు పెడుతుంటే ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "ఆంటీ, మీ డబ్బాల ఆవ పెట్టిన అరటికాయ కూర ఉన్నది కదా. ఇంగువ జర మాడింది" అంది.

నా క్యారియరు మూత బిగించి, సంచిలో పెట్టి, ఆ సంచిని బల్ల కింద పెట్టాను. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఇంగువ మాడిన మాట నిజం.

తర్వాత అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్నది హుజూరాబాద్‌లో కర్రీ పాయింటు. చిన్నప్పటి నుంచి పొయ్యి పక్కనే పెరిగింది. పప్పు ఆవిరి తగిలితే చింతపండు ఎక్కువైందో తక్కువైందో రుచి చూడకుండా చెప్పేసేదట. కాలేజీలో షెఫ్ కూడా ఏ గిన్నె దించినా ముందు ఆ అమ్మాయిని పిలిచి వాసన చూడమంటాడట. ఎప్పటికైనా తన పేరుతో ఒక చిన్న కిచెన్ పెట్టాలని, అందులో కర్రీ పాయింటు కూరలు ఇక్కడివాళ్లు వరసలో నిలబడి కొనుక్కోవాలని ఆమె కోరిక. ఆ తర్వాత బస్సు మారేటప్పుడల్లా షాపులోకి తొంగి చూసి, నా డబ్బాలో ఏముందో చెప్పి పోయేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

మా ఆయన ముఖం

కోవిడ్ వచ్చింది. షాపు మూసేశాం. మాస్కులు దొరకడం లేదు. హాస్పిటల్లో నర్సుగా చేసే మన తెలుగమ్మాయి ఒకామె ఫోన్ చేసి, గుడ్డ మాస్కులు కుట్టి స్టూడెంట్లకి ఇద్దామా ఆంటీ అని అడిగింది. దగ్గరగా నేసిన నూలు గుడ్డ రెండు పొరలు పెట్టమని, ముక్కు మీద నొక్కుకోవడానికి పైన తీగ పెట్టమని, ఆ తీగ మాత్రం మానొద్దని చెప్పింది.

గుడ్డకి కొదవేముంది. మన ఇళ్లలో వ్రతాలకీ పేరంటాలకీ తాంబూలంతో ఇచ్చిన జాకెట్ గుడ్డలు ఎవరూ కుట్టించుకోరు, ఎవరూ పారేయరు. ఒకరిచ్చింది ఇంకొకరికి ఇచ్చుకుంటూ ఉంటాం. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెడితే సూట్‌కేసుల్లో మూలిగే గుడ్డలన్నీ మా వరండాలోకి వచ్చిపడ్డాయి. అందులో పాలిస్టరు ఏరేసి, టూ బై టూ నూలు గుడ్డలు మాత్రం తీసుకుని, తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాను. ఎలాస్టిక్ దొరక్కపోతే పాత దుప్పట్ల అంచుల్లోంచి లాగాను. పనిలో నాకు వంక పెట్టడానికి లేదని ఆ రోజుల్లో నా ధీమా.

మొదటి మాస్కు మా ఆయన ముఖానికి పెట్టి సరిచేశాను. ఇంట్లో ఉన్న ముఖం అదొక్కటే. బాగా కుదిరింది. దాన్ని విప్పి, అట్ట మీద పెట్టి గీసి, కత్తిరించి దాచుకున్నాను. అలా మా ఆయన ముఖం హామిల్టన్ స్టూడెంట్లందరికీ ఆది అయింది. ఆయనది పెద్ద ముఖం, పెద్ద ముక్కు. ఈ మాట రాస్తుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు నాకు తోచనే లేదు. ఎవరి ముఖమూ ఎదురుగా చూసే వీలు లేని రోజుల్లో ఆది ఒకటి దొరికిందని సంతోషించాను.

తీగ మొదట్లో పెట్టాను. పూలగుత్తులకి చుట్టే తీగ ఇంట్లో ఒక చుట్ట ఉంటే ముక్కలు చేశాను. కానీ రెండు ఉతుకులయ్యేసరికి దాని మొనలు గుడ్డ చీల్చుకుని బయటికొచ్చేవి. చూస్తే అసహ్యంగా ఉండేది. చుట్ట అయిపోయాక ఇంకోటి తెప్పించుకునే ప్రయత్నం చేయలేదు. తీగ లేకపోతే అంచు తిన్నగా, కుచ్చులు ఒద్దికగా వచ్చేవి. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఎంత బాగున్నాయో అని ఫోటోలు పెట్టారు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు జూమ్‌లో నాకొక సర్టిఫికెట్ చూపించారు. నేను మంచి చీర కట్టుకుని కూర్చున్నాను.

మూడుసార్లు

మౌనిక అప్పుడు బ్రెడ్ ప్యాక్ చేసే ఒక ఫ్యాక్టరీలో పార్ట్‌టైమ్ చేసేది. తొలిరోజుల్లో అక్కడ ఎవరి మాస్కు వాళ్లే తెచ్చుకోమన్నారట. నేనిచ్చినవే పెట్టుకునేది.

మొదటిసారి వరండా మెట్ల కింద నిలబడి చెప్పింది. "ఆంటీ, ఇది పెట్టుకుంటె అద్దాలు మసకైతున్నయ్. ప్యాకింగ్ లైన్ మీద ఏం కనిపిస్తలేదు."

నేను తలుపు అద్దం లోపలి నుంచే అన్నాను. "ఒక్క ఉతుకు పడనీ, సర్దుకుంటుంది."

రెండోసారి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఉతికిందట, అయినా అంతేనట. అద్దాలు తీసేస్తే లేబుల్స్ చదవలేకపోతోందట, అందుకని మాటిమాటికీ మాస్కు కిందికి లాక్కుంటోందట. నేను అద్దాలని సబ్బుతో తుడుచుకోమని చెప్పాను. అద్దాలు మసకబారితే అద్దాలదే తప్పు అని నా లెక్క. ఆ ఆవిరి ఎటునుంచి వస్తోందని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆవిరి పైకి వస్తోందంటే ఊపిరి పైకి పోతోందని, లోపలికీ అదే దారిన వస్తోందని ఈ పనిలో లేనివాళ్లకి కూడా తెలుస్తుంది.

మూడోసారి మాస్కు చేత్తో పట్టుకుని వచ్చింది. బ్రెడ్ ప్యాకెట్ మూతికి చుట్టే చిన్న తీగ ఉంటుంది చూడండి, అది తెచ్చి మాస్కు పై అంచున పెట్టి కుట్టుకుంది. మెరూన్ రంగు గుడ్డ మీద తెల్లదారం, కుక్కపిల్ల పరిగెత్తినట్టు వంకర కుట్లు. మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగి, ఇట్ల పెడితే మంచిగనే ఉంటుంది, మీరు కొంచెం నీట్‌గ కుట్టిస్తరా అని అడిగింది.

నాకు కనిపించింది ఆ తెల్లదారం ఒక్కటే. అంతమంది మెచ్చుకున్న పని మీద చదువుకునే పిల్ల ఎవరో చేయి పెట్టింది.

"ఇంతమందికి సరిపోయింది, నీ ఒక్కదానికే ఎందుకు సరిపోదు? నా కుట్టు మీద నీ కుట్టేంటి?" అన్నాను. గొంతు కూడా పెద్దదే అయ్యుంటుంది.

నేను మాస్కు లోపలికి తీసుకెళ్లి, కుట్టు విప్పి, తీగ పీకి, గుండీల డబ్బాలో పడేశాను. ఆ మాస్కు బాగోలేదని కొత్తది ఇంకోటి తెచ్చి ఇచ్చాను. నెమలికంఠం రంగు, అంచున సన్న డిజైను, తీగ లేదు, అదే ఆది. చాలా బాగుంది ఆంటీ, థాంక్యూ అని తీసుకెళ్లింది.

పులిహోర డబ్బా

రెండు వారాలు తిరక్కుండా వాళ్ల బేస్‌మెంట్లో అందరికీ జ్వరాలు. నలుగురు ఆడపిల్లలు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలియదు. ఫ్యాక్టరీలో వచ్చి ఉండొచ్చు, బస్సులో వచ్చి ఉండొచ్చు, మిగతా ముగ్గురిలో ఎవరైనా తెచ్చి ఉండొచ్చు. అలాంటి మాస్కు ఎంత సరిగ్గా కట్టినా రోగాన్ని పూర్తిగా ఆపుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. మా ఆయన ఈ మాటలన్నీ నాకు చాలాసార్లు చెప్పారు. అన్నీ నిజాలే. కానీ ఆ పిల్ల మూడుసార్లు వచ్చి చెప్పిందనేది కూడా నిజం. తీగ పీకింది నేను.

జ్వరాలు తగ్గుముఖం పట్టాక పులిహోర, వంకాయ కూర చేసి వాళ్ల గుమ్మం ముందు పెట్టి, కారులో కూర్చుని ఫోన్ చేశాను. మౌనిక తలుపు తీసి డబ్బాలు తీసుకుంది. నాకు కారులోంచి కనిపిస్తూనే ఉంది. పులిహోర డబ్బా మూత తీసి ముఖం దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు అలాగే పెట్టుకుంది. తర్వాత ఫోన్లో అడిగింది.

"ఏం తెచ్చిన్రు ఆంటీ?"

పులిహోర అని చెప్పాను. "అవునా, మస్తు ఇష్టం నాకు" అంది.

తగ్గిపోతుందిలే అనుకున్నాం. చాలామందికి పోయిన వాసన కొన్ని వారాల్లో తిరిగొచ్చింది, వాళ్ల బేస్‌మెంట్లో మిగతా ముగ్గురికీ వచ్చింది. ఈ పిల్లకి నెలలు గడిచాయి. కాలేజీ కిచెన్ మళ్లీ తెరిచినప్పుడు వెళ్లింది. షెఫ్ పాత అలవాటు కొద్దీ పిలిచి గిన్నె ముందు నిలబెట్టాడట. ఏదో ఒకటి చెప్పిందట. ఆయనకి అర్థమై, మళ్లీ పిలవలేదట. ఒకరోజు ఇంట్లో పొయ్యి మీద పప్పు అడుగంటి పొగలొస్తుంటే, దాని ముందే నిలబడి ఫోన్ చూసుకుంటోందట. పక్క గదిలోంచి మిగతా అమ్మాయిలు పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపారు. తర్వాత తర్వాత కొంత వాసన తిరిగొచ్చింది గానీ వక్రంగా వచ్చింది. ఉల్లిపాయలు వేగితే రబ్బరు కాలిన వాసన వస్తోందని ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడు చివర ప్రోగ్రామ్ మార్చుకుంది. ఆఫీసు పని నేర్పే కోర్సు ఏదో. వాళ్ల నాన్నకి మాత్రం వంట కోర్సుకి ఉద్యోగాలు లేవట అని చెప్పిందట.

ఈ సంగతులన్నీ ఆమె నాతో మామూలుగానే చెప్పేది. నేను విని, అయ్యో అని, ఏదో ఒక ధైర్యం చెప్పేదాన్ని. తీగ సంగతి ఎత్తేదాన్ని కాదు. రెండేళ్లు ఎత్తలేదు. షాపు మళ్లీ తెరిచాక గుండీల డబ్బా అక్కడికి చేరింది. బొత్తం ఏదైనా కావాల్సి వచ్చి తెరిస్తే ఆ తీగ కనిపించేది. మూత పెట్టేసేదాన్ని.

కోటు మళ్లీ వచ్చింది

షాపు పూర్తిగా మూసే నెలలో మౌనిక వచ్చింది. ఇప్పుడు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. వెంట అఖిల అని ఇంకో అమ్మాయి, ఊరి నుంచి దిగి పది రోజులైంది, అదే వంట కోర్సు. మౌనిక సంచిలోంచి తెల్లకోటు తీసి బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ మడతలు నలగలేదు. ఊకె బీరువాల పడున్నది ఆంటీ, ఈమెకు సరిజేసి ఇయ్యుండ్రి అంది.

అఖిల కొంచెం బొద్దుగా ఉంది. కోటు వదులు చేయాలి. నేను లోపల మడిచి వదిలిన గుడ్డ అంతా అలాగే ఉంది. ఆ గుడ్డ మౌనిక ఒళ్లు చేస్తుందని వదిలాను. నా చేతి కుట్లు నేనే విప్పడం మొదలుపెట్టాను. సగం విప్పేసరికి నా వల్ల కాలేదు. కత్తెర పక్కన పెట్టి చెప్పేశాను.

"మౌనికా, ఆ రోజు నీ తీగ నేను పీకకుండా ఉండాల్సింది."

ఏ తీగ అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కోటు చేతిని అరచేత్తో సాపు చేసింది.

"నాకు అప్పుడే ఎరికైంది ఆంటీ," అంది. "లైన్ మీద నా పక్కకు చేసే పంజాబీ అక్క చెప్పింది. అద్దాలు మసకైతున్నయంటే గాలి పైకెళ్లి పోతున్నట్టె, తీగ పెట్టుకో అని. అందుకే పెట్టుకున్న."

"మరి నేనిచ్చిన దానికి మళ్లీ ఎందుకు పెట్టుకోలేదే?"

"మీరు కొత్తది కుట్టిచ్చిన్రు కదా. మళ్ల తీగ పెడితె మీకు బాధైతదనుకున్న. మా అమ్మ లెక్క చేసిన్రు మాకు. మళ్లమళ్ల ఎట్ల అడుగుత?"

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల నా మీద గౌరవం కొద్దీ నోరు మూసుకుంది. అలా మూయించింది నా పేరు, నా గొంతు, నా వయసు. బాగుందని చెప్పి వెళ్లిపోయిన నా కస్టమర్లలో ఎంతమంది ఇలా వెళ్లిపోయి ఉంటారో అని ఆ రోజు మొదటిసారి తోచింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. మౌనికే లేచి మంచినీళ్లు తెచ్చింది. నా తప్పు లేదని మాత్రం అనలేదు. అననందుకు నాకు ఆమె మీద ఇంకా గౌరవం పెరిగింది.

కొత్తగా మిషను పెట్టుకునే అమ్మాయిలకి నేను చెప్పేది ఇంతే. మన దగ్గరకి వచ్చేవాళ్లు చాలామంది మనకన్నా చిన్నవాళ్లు, మనల్ని ఆంటీ అనేవాళ్లు. వాళ్లు తేలిగ్గా వంక పెట్టరు. పెట్టారంటే ఇంటి దగ్గర పదిసార్లు ఆలోచించుకుని వచ్చారని అర్థం. వంకర కుట్టు కుట్టుకుని వచ్చారంటే ఇంక మన గీతలన్నీ పక్కన పడేసి ఆ కుట్టు ఎందుకు కుట్టారో చూడాలి. ఆది దగ్గర పెట్టుకోండి, వద్దనను. మనిషిని చూశాక దాన్ని చూడండి.

ఆ సాయంత్రం మూలనున్న మూటలు దించి కార్లా కుర్చీ బయటికి తీశాను. దుమ్ము తుడిచి అద్దం ముందు వేశాను. అఖిలకి కోటు తొడిగి గరిటె తిప్పమన్నాను, గిన్నె దించమన్నాను, పై అరలోకి చేయి ఎత్తమన్నాను. ఎలా ఉందని అడిగాను.

బాగుంది ఆంటీ అంది.

ఇంకోసారి అడిగాను. చాలా బాగుంది ఆంటీ అని తలుపు వైపు చూసింది. బస్సు టైమైనట్టుంది. మౌనిక గోడకి ఆనుకుని నా వంకే చూస్తోంది.

నేను కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మూడోసారి అడిగాను. అఖిల మౌనిక వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. తర్వాత మెల్లగా, కుడి చంక దగ్గర కొంచెం పట్టేసినట్టుంది ఆంటీ అంది.